కడిగిన చక్రము ఆరవలెను

ఎద్దుబండి చక్రమునకు నీరు మేలు చేయును; ట్రాక్టరు చక్రమునకు కీడు చేయును. చూచుటకు ఇది చిన్న భేదమే. కాని దీనిని గ్రహింపకపోవుటచేత యంత్రములు త్వరగా చెడును. ఒక్కొక్కప్పుడు ప్రాణములకే ముప్పు వాటిల్లును.

ఎద్దుబండి చక్రము కొయ్యతో చేసినది. వేసవి యెండకు దాని ఆకులు, పూటీలు ఎండి కుదించుకొనును. చుట్టునున్న ఇనుప పట్టా వదులగును. అందుచేత మన పెద్దలు బండిని చెరువులోనికి దింపి చక్రములను నాననిచ్చెడివారు. కొయ్య ఉబ్బి పట్టా మరల బిగిసెడిది. ట్రాక్టరు, జీపు చక్రముల సంగతి వేరు. అవి ఇనుపవి. ఇనుమునకు నీరును గాలియు కలిసి తగిలినచో త్రుప్పు పుట్టును.

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు 2022 ఏప్రిల్ నెలలో కృష్ణా జిల్లానుండి ఎన్టీఆర్ జిల్లాకు మారినవి గాని, నేల మారలేదు. ప్రత్తి పండు నల్లరేగడి ఒకవైపు, సాగరు ఎడమకాలువ క్రింద దమ్ముచేయు వరిమడులు ఒకవైపు. రేగడిమట్టి తడిని పట్టినచో సులభముగా విడువదు. రిమ్ము లోపలివైపున అంటిన మట్టి పైకి ఎండినట్లు కనబడినను, అడుగున చెమ్మ నిలిచియే యుండును. ఎరువులలోని లవణములు దానితో చేరినపుడు త్రుప్పు మరింత వేగిరపడును. అట్లు గరుకెక్కిన రిమ్ము ట్యూబును ఒరసి చిల్లు పెట్టును.

కంటికి కనబడని హాని మరియొకటి కలదు. దూరము నడచి వచ్చిన బండి హబ్బు వేడిగా నుండును. దానిని వెంటనే ఏటిలో దింపినచో లోపలి గాలి చల్లబడి సంకోచించును. ఆ ఖాళీని నింపుటకు వెలుపలి నీరు, అరిగిన సీలు సందులనుండి లోనికి పీల్చబడును. నీరు కలిసిన గ్రీజు మజ్జిగవలె తెల్లబారును, బేరింగులు చెడును.

అన్నిటికంటె ప్రమాదకరమైనది బ్రేకు తడి. డ్రమ్ము బ్రేకులో లైనింగు డ్రమ్మును ఒరసికొనుటచేతనే చక్రము ఆగును. రెండింటి నడుమ నీటిపొర చేరినచో ఆ పట్టు తగ్గును. డ్రమ్ము మూసినట్లుండుటచే నీరు త్వరగా పోదు. నూనెలో మునిగి పనిచేయు బ్రేకులున్న ట్రాక్టరులకు ఈ బెడద తక్కువ. తక్కినవానికి అట్లు కాదు. పైగా ట్రాలీలలో అనేకమునకు బ్రేకులుండవు. బరువంతయు ఆపవలసినది ట్రాక్టరే. 2023 జూలైలో మున్నేరు పొంగి, నందిగామ చెంత ఐతవరము వద్ద విజయవాడ–హైదరాబాదు రహదారిపై ప్రవహించినది, రాకపోకలు నిలిచిపోయినవి. అట్టి వరదలో దిగిన బండికే గాదు, ఏటియొడ్డున తీరికగా కడిగిన బండికిని బ్రేకులు తడియును. వరదయైనచో భయపడి జాగ్రత్తపడుదుము. కడుగుటలో ఆ భయము ఉండదు.

చేయవలసినదేమి? బండిని నీటిలోనికి దింపక, గట్టుననే నిలిపి చేదలతో కడుగుట మంచిది. ఏటినీటిలో నూనె కలియకుండును. ముందుగా చక్రములను అరగంటసేపు చల్లారనీయవలెను. మట్టిని కొయ్యపుల్లతో గీకి, రిమ్ము లోపలివైపు మరువక కడుగవలెను. పిమ్మట పాతగుడ్డతో నట్ల చుట్టును, రిమ్ము అంచులను తుడువవలెను. టైరులకు కిరోసిను, డీజిలు రాయుట తగదు; అవి రబ్బరును మెత్తబరచి పాడుచేయును.

తరువాత, జనము లేని సమతలమైన దారిలో బండిని మెల్లగా నడపుచు, బ్రేకును తేలికగా నొక్కి విడుచుచుండవలెను. రాపిడి వేడికి నీరు ఆవిరియగును. పట్టు ఎప్పటివలె చిక్కువరకు ఇట్లు చేయవలెను. తడిసిన బండికి చేతిబ్రేకు బిగించి రాత్రియంతయు ఉంచరాదు. లైనింగు డ్రమ్మునకు అంటుకొనిపోవచ్చును. దానిని చదునైన చోట నిలిపి, గేరులో ఉంచి, చక్రములకు ముందువెనుకల కొయ్యదిమ్మెలు పెట్టవలెను. గ్రీజు ఎక్కించు చోట్ల క్రొత్తది ఎక్కించి, తడిసిన పాతదానిని వెలికి నెట్టవలెను. గ్రీజు తెల్లబారియున్నచో హబ్బును విప్పించి శుభ్రముచేయించి, సీలు మార్పింపవలెను.

ఈ పనికి ఖర్చు స్వల్పము. కావలసినది కొంత ఓపిక. సాయంకాలము ఏటిగట్టునుండి రహదారి ఎక్కు ట్రాక్టరు వెనుక ట్రాలీలో మిరపకోతకు పోయి వచ్చు కూలి స్త్రీలు కూర్చుండియుందురు. వారిని ఎక్కించుకొనుటకు ముందే బ్రేకు ఆరినదో లేదో చూచుకొనుట తోలువాని ధర్మము.