విటమినులను కొలుచుట ఎట్లు?

ధాన్యమును కుంచముతోను, నూనెను సోలతోను, బంగారమును గురిగింజతోను మన పెద్దలు కొలిచెడివారు. అయితే నిమ్మపండులో విటమిను సి ఎంత కలదో తెలియవలెనన్నచో ఏ త్రాసు పనికివచ్చును? నూరు గ్రాముల నిమ్మరసములో అది గ్రాములో పదియవ వంతైనను ఉండదు. ఆ స్వల్పభాగమును నీటితోను, ఆమ్లములతోను, చక్కెరతోను కలిసిపోయి యుండును. కావున శాస్త్రజ్ఞులు మొదట దానిని తూచుటకు మారుగా, అది చేయు పనిని కొలిచిరి.

విటమిను సి లోపించినచో మనకు స్కర్వీ యను వ్యాధి కలుగును. చిగుళ్లు వాచి నెత్తురు కారును. ఎలుకలు ఈ విటమినును తమ దేహములోనే తయారు చేసికొనగలవు. గినీపంది యను చిన్న జంతువునకు, మనకువలెనే, ఆ శక్తి లేదు. దానికిని స్కర్వీ కలుగునని 1907లో నార్వే దేశీయులగు హోల్స్ట్, ఫ్రోలిక్ అనువారు వెల్లడించిరి. పిదప గినీపందులకు ఆ వ్యాధి కలిగించు మేత పెట్టుచు, దినమునకు ఎంత రసమిచ్చినచో వ్యాధి రాకుండునో చూచుట వాడుకయైనది. పాపము, ఆ మూగజీవులే ఆనాటి త్రాసులు! 1931లో ఏర్పరచిన అంతర్జాతీయ ప్రమాణము సైతము మిల్లీలీటరులో పదియవవంతు నిమ్మరసమే. పండ్లన్నియు ఒకే తీరున నుండవు గదా! శుద్ధమైన విటమిను లభించిన తరువాత, 1934లో, దానిని 0.05 మిల్లీగ్రాములుగా మార్చిరి.

జంతుపరీక్షకు వారముల కాలము పట్టును. టిల్మన్స్ అను జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు సులభమైన మార్గమును చూపెను. ఇండోఫినాల్ జాతికి చెందిన ఒక నీలిరంగును విటమిను సి విరిచివేయును. ఒక మిల్లీగ్రాము శుద్ధ విటమిను 5 మిల్లీలీటర్ల రంగును విరిచినదనుకొనుడు. 2 మిల్లీలీటర్ల రసము కూడ అంతే రంగును విరిచినచో, అందు ఒక మిల్లీగ్రాము విటమిను ఉన్నదన్నమాట. నూరు మిల్లీలీటర్లలో 50 మిల్లీగ్రాములు.

విద్యార్థులారా! ఇట్టి పరీక్షను మీరును చేయవచ్చును. పలుచని గంజినీటిలో టింక్చరు అయొడిన్ ఒక చుక్క వేసినచో అది నీలమగును. అందు నిమ్మరసమును చుక్కచుక్కగా కలుపుచు, నీలము పోవువరకు లెక్కింపుడు. మరియొక పాత్రలో బత్తాయిరసముతో అట్లే చేసి చూడుడు. తక్కువ చుక్కలతో నీలమును పోగొట్టిన రసములోనే విటమిను ఎక్కువ. ఆ నీటిని మాత్రము త్రాగరాదు.

ఈ పద్ధతియు నిర్దోషమైనది కాదు. ఆహారములోని మరికొన్ని పదార్థములు కూడ రంగును విరుచును. అప్పుడు లెక్క హెచ్చును. గాలి సోకి కొంత మార్పు చెందిన విటమిను దేహమునకు ఉపయోగపడునుగాని రంగును విరువదు. అప్పుడు లెక్క తగ్గును. అందుచేత నేడు పదార్థములను సన్నని గొట్టము గుండ నడిపించి, ఒక్కొక్కదానిని వేరుచేసి కొలుచు యంత్రములను వాడుచున్నారు. మాత్రలను పరీక్షించుట ఆహారమును పరీక్షించుటకంటె తేలిక. నిలువలో విటమిను క్షీణించును గనుక, చీటీపై వ్రాసిన దానికంటె కొంత హెచ్చుగా చేర్చుటయు కలదు.

రంగులకు లొంగని విటమినులును కలవు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయమువారు 1945లో కృత్రిమముగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లము అట్టిది. దానిని కొలుచుటకు పాలను పులియజేయు జాతికి చెందిన సూక్ష్మజీవులే తోడ్పడినవి. ఆ ఆమ్లము లేనిదే అవి పెరుగవు. ఎంత ఆమ్లమున్న అంతగా పెరిగి ద్రవమును మసక చేయును; ఆ మసకనుబట్టి ఆమ్లపు పాలు తెలియును.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి పాత పట్టికలో నూరు గ్రాముల ఉసిరికాయలో 600 మిల్లీగ్రాముల విటమిను సి కలదని యుండెను. 2017లో వారే దేశములోని ఆరు ప్రాంతములనుండి ఆహారములను సేకరించి, క్రొత్త యంత్రములతో కొలిచి, 528 ఆహారముల వివరములను ప్రకటించిరి. అందు ఉసిరికాయకు దక్కినది పాత లెక్కలో సగమునకు లోపే. అయినను నిమ్మకంటె ఉసిరిదే పైచేయి.