చిత్తడి నేలలో రాగి తీగ

కార్క్ అనగానే తెలుగువారికి సీసా బిరడా గుర్తుకు వస్తుంది. ఐర్లండు దక్షిణ తీరంలోని కార్క్ నగరానికీ ఆ బిరడాకూ ఏ సంబంధమూ లేదు. ఐరిష్ భాషలో ఈ పేరుకు మూలమైన మాటకు చిత్తడి నేల అని అర్థం. లీ నది పాయల నడుమ ఉన్న బురద దిబ్బల మీద వెలసిన ఊరు కనుక ఆ పేరు స్థిరపడింది. ఇక్కడ ఏటా సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. విశాఖపట్నంలో కురిసేది కూడా అంతకు మరీ తక్కువేమీ కాదు. తేడా అంతా పంపకంలో ఉంది. విశాఖలో వాన చాలావరకు కొన్ని నెలలలోనే కురిసి, తక్కిన కాలం ఎండ కాస్తుంది. కార్క్‌లో పన్నెండు నెలలూ కొంచెం కొంచెంగా కురుస్తూనే ఉంటుంది. తడిసినది ఆరే వ్యవధి దొరకదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే, ఇక్కడి ఇళ్లలో టెలిఫోను తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండు ఎందుకు పదేపదే తెగిపోతుందో సగం అర్థమయినట్లే.

ఈ ఊరి వానకు శాస్త్ర చరిత్రలోనూ చోటు ఉంది. 1849లో ఇక్కడి క్వీన్స్ కాలేజీలో తొలి గణితాచార్యుడుగా నియమితుడైన జార్జి బూల్, 1864 నవంబరులో ఇంటి నుండి కాలేజీకి జోరువానలో నడిచి వెళ్లి, తడిబట్టలతోనే పాఠం చెప్పి, న్యుమోనియా సోకి, డిసెంబరు 8న కన్నుమూశాడు. తర్కాన్ని సున్న, ఒకట్ల లెక్కగా మార్చిన ఆయన బీజగణితాన్ని 1937లో క్లాడ్ షానన్ విద్యుత్ స్విచ్చులకు అన్వయించాడు. అదే షానన్ 1948లో, రొద ఉన్న మార్గం మీద సెకనుకు గరిష్ఠంగా ఎన్ని సున్నలు, ఒకట్లు పంపవచ్చునో సూత్రీకరించాడు. బూల్‌ను బలిగొన్న వానే ఇప్పుడు బూల్ అంకెలకు కూడా అడ్డుపడుతున్నదని చమత్కరించవచ్చు.

కార్క్‌లోను, చుట్టుపక్కల బాలిన్‌కాలిగ్, డగ్లస్, కారిగలైన్ వంటి చోట్ల నివసించే తెలుగు కుటుంబాలకు ఇది ఉత్త చమత్కారం కాదు. వీరిలో ఆసుపత్రులలో, మందుల కర్మాగారాలలో, కంప్యూటరు సంస్థలలో పనిచేసేవారు ఎందరో. 2020లో కోవిడ్ కారణంగా గడపలు మూతపడినప్పుడు ఉద్యోగమూ, పిల్లల బడీ, గుంటూరులోనో వరంగల్లులోనో ఉన్న అమ్మానాన్నల ముఖదర్శనమూ అన్నీ ఆ ఒక్క జత రాగి తీగల మీదికి వచ్చి పడ్డాయి. ఇక్కడ టెలిఫోను తీగ మీద బ్రాడ్‌బ్యాండు 2002లో వాణిజ్యపరంగా మొదలయింది. 2013 నుండి వీధి చివరి పెట్టె దాకా గాజు తంతువు వేసి, అక్కడి నుండి ఇంటికి మాత్రం పాత రాగినే వాడే పద్ధతి వచ్చింది. పల్లెలన్నిటికీ తంతువు చేర్చే జాతీయ పథకానికి 2019 నవంబరులో ఒప్పందం కుదిరింది. అయినా చివరి కొద్ది వందల గజాలు రాగి మీదనే ఆధారపడిన ఇళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి. ఈ వ్యాసం ఆ ఇళ్లను గురించి.

టెలిఫోనులో మన మాట 4 కిలోహెర్ట్‌జ్‌లకు లోపలి కంపనాలతో సరిపెట్టుకుంటుంది. డి.ఎస్.ఎల్. పద్ధతి ఆ పైనున్న ఖాళీని వాడుకుంటుంది. తొలి తరం ఏ.డి.ఎస్.ఎల్. సుమారు 25 కిలోహెర్ట్‌జ్‌ల నుండి 1.1 మెగాహెర్ట్‌జ్ వరకు ఉన్న మేరను 4.3 కిలోహెర్ట్‌జ్‌ల వెడల్పు గల సన్నని బాటలుగా చీల్చి, ఒక్కొక్క బాట మీద దాని శక్తి కొలదీ బిట్లు ఎక్కిస్తుంది. సెకనుకు 4,000 సార్లు ఈ బండ్లు బయలుదేరుతాయి. రొద శక్తి రెట్టింపయితే, అంటే 3 డెసిబెల్‌లు పెరిగితే, ప్రతి బాట ఇంచుమించు ఒక బిట్టు బరువును వదులుకోవాలి. 200 బాటలు ఒక్కొక్క బిట్టు వదులుకుంటే సెకనుకు 8 లక్షల బిట్లు పోయినట్లు. చెవికి వినబడనంత రొద కూడా మోడెముకు ఇంత నష్టం చేయగలదు. మాట చక్కగా వినబడుతున్నది కనుక లైను బాగున్నదని తీర్మానించడం అందుకే చెల్లదు.

చాలా ఇళ్లలో మొదట నింద మోసేది రౌటరు. దాన్ని ఆపి వెలిగించడం, అదీ కుదరకపోతే కొత్తది కొనడం పరిపాటి. ఇది తొందరపాటు వైద్యం. అనేక లైన్లకు ఎక్స్ఛేంజి వైపున ఒక స్వయంచాలక పర్యవేక్షణ ఉంటుంది. లైను మాటిమాటికీ తెగి కలుస్తున్నదని గమనిస్తే, స్థిరత్వం కోసం అది వేగాన్ని తగ్గించివేస్తుంది. పదిసార్లు ఆపి వెలిగించినవారు తమ వేగాన్ని తామే కోసుకున్నవారవుతారు. దానికి బదులు మోడెము లోపలి సమాచార పుటను తెరిచి చూడాలి. అక్కడ ముఖ్యమైనవి మూడు అంకెలు: లైను కుదుర్చుకున్న వేగం, దూరం వల్ల సంకేతం ఎంత క్షీణించినదీ, రొదకు పైన ఎంత మిగులు ఉన్నదీ. ఈ మూడవదాన్ని రొద మిగులు అందాం. సాధారణంగా 6 డెసిబెల్‌లు మిగులు ఉంచుకుని లైను కుదురుతుంది. ఎండరోజున 6 ఉన్నది వానరోజున 1కి జారితే, రౌటరు నిర్దోషి అని తేలినట్లే.

మరి దోషి ఎవరు? ఇక్కడ కథ విద్యుత్తును వదిలి రసాయనంలోకి వస్తుంది.

ఎక్స్ఛేంజి నుండి ఇంటి దాకా ఒకే తీగ రాదు. భూగర్భ కేబులు, వీధి పెట్టె, స్తంభం, గాలిలో వేలాడే తీగ, గోడ మీది పెట్టె – ప్రతి మజిలీలోనూ రాగిని రాగితో కలిపిన అతుకు ఒకటి ఉంటుంది. తీగ మధ్యలో చెడడం అరుదు, చెడేది అతుకు. అతుకులోకి తేమ చేరితే రాగి మీద ఆక్సైడు పొర కడుతుంది. సముద్రపు గాలి మోసుకువచ్చే ఉప్పు దానికి తోడయితే పచ్చని చిలుము పడుతుంది. మన ఇళ్లలో రాగి చెంబుకు చింతపండు పెట్టి తోమితే వదిలేది ఈ జాతి పదార్థమే. స్తంభం మీది అతుకును తోమేవారు ఉండరు.

రాగి ఆక్సైడు మంచి వాహకం కాదు, పూర్తి నిరోధకమూ కాదు, అది అర్ధవాహకం. సిలికాన్ రాక మునుపు, 1920లలో, విద్యుత్తును ఒక దిక్కుకే పోనిచ్చే పలకలను రాగి మీద ఆక్సైడు పెంచే తయారు చేసేవారు. చిలుము పట్టిన అతుకు అటువంటి పలకకు నాటు నమూనా. అక్కడ నిరోధం స్థిరంగా ఉండదు. గాలికి తీగ ఊగినా, ఎండకు వేడెక్కినా, ప్రవహించే విద్యుత్తు మారినా తానూ మారుతుంది. ఆ మార్పే చెవికి గరగరగాను, మోడెముకు తెగింపుగాను తోస్తుంది.

టెలిఫోను ఇంజనీర్లు ఈ ముప్పును తొలినాళ్లలోనే ఎరుగుదురు. ఎక్స్ఛేంజి బ్యాటరీలో ధనధ్రువాన్ని భూమికి కలిపి, లైనును సుమారు 48 వోల్టులు ఋణంగా ఉంచడంలోని ఆంతర్యం అదే. భూమి కన్న ఋణంగా ఉన్న రాగి తడి నేలలోకి అయానులుగా కరిగిపోదు. అయితే ఈ కవచం భూమి వైపు నుండి వచ్చే ముప్పుకు మాత్రమే. జతలోని రెండు తీగల మధ్యనే నీరు నిలిస్తే, వాటిలో ధనంగా ఉన్న తీగ కరగడం మొదలుపెడుతుంది. రాగిని కరిగించడానికి వోల్టులో మూడో వంతు చాలు. అక్కడ ఉన్నవి నలభై ఎనిమిది.

ఇందులో అన్నిటికన్న విచిత్రమైన భాగం మరొకటి ఉంది. ఫోను చేతికి ఎత్తగానే లైనులో ఇరవై ముప్ఫై మిల్లీయాంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంది. ఆ తాకిడికి పలుచని ఆక్సైడు పొర చిల్లులు పడి అతుకు కాసేపు బాగుపడుతుంది. ఫిర్యాదు విని వచ్చిన లైన్‌మన్ ఎండ వేళలో ఫోను పెట్టి పరీక్షిస్తాడు, పరీక్షే వైద్యమవుతుంది, లైను బాగున్నదని రాసి వెళ్లిపోతాడు. రెండు రోజులకు పొర మళ్లీ కడుతుంది. ఇంటివారికి అబద్ధం చెప్పారన్న అపకీర్తి, లైన్‌మన్‌కు పని రాదన్న అపకీర్తి మిగులుతాయి. ఇద్దరూ నిజమే చెప్పారు. ఫోను సౌకర్యం లేకుండా బ్రాడ్‌బ్యాండు మాత్రమే తీసుకున్న కొన్ని లైన్లలో ఈ విద్యుత్తు అసలు ప్రవహించదు కనుక, అక్కడ అతుకులకు ఆ తాత్కాలిక వైద్యమూ దక్కదు.

దీనికి విపర్యయం కూడా కద్దు. జతలో ఒక తీగ పూర్తిగా తెగిపోతే ఫోను మూగబోతుంది. కాని అధిక కంపనాల సంకేతం ఆ చిన్న ఎడాన్ని కెపాసిటరును దాటినట్లు దాటి, బ్రాడ్‌బ్యాండు కుంటుతూ నడుస్తూనే ఉంటుంది. ఫోను చచ్చి ఇంటర్నెట్టు బ్రతకడం ఎలా సాధ్యమని ఆశ్చర్యపోయేవారికి ఇదే సమాధానం.

రోగ నిర్ణయానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. తీగ ఉన్న పాతకాలపు ఫోనును తగిలించి, ఏదైనా ఒక అంకె నొక్కి, డయలు ధ్వని ఆగిన తరువాత నిశ్శబ్దాన్ని వినాలి. గరగర వినబడితే అతుకు. సెకనుకు ఇంచుమించు ఒకసారి టిక్కు టిక్కుమంటే, అది ఆవుల మందల చుట్టూ కట్టిన విద్యుత్ కంచె కావచ్చు. పాడి పరిశ్రమకు పేరుపడిన కార్క్ పల్లెలలో ఇది ఊహ కాదు. ఫోను మోగినప్పుడు, ఎత్తినప్పుడు మాత్రమే ఇంటర్నెట్టు తెగితే రెండు కారణాలు ఉండవచ్చు: ఒకటి పైన చెప్పిన అతుకు, రెండవది ఇంటిలోపలి వడపోత. ఫోనుకూ గోడకూ మధ్య ఫిల్టరు అనే చిన్న డబ్బా ఉండాలి. ఫోనులన్నిటికీ పెట్టి, దొంగల అలారమును మరచిపోవడం ఎందరికో జరుగుతుంది. అలారము కూడా లైనుకు తగిలించిన ఫోనే.

ఇల్లు దోషియా, వీధి దోషియా అని తేల్చడానికి మోడెమును గోడ మీది మొదటి పెట్టెకు నేరుగా కలిపి, తక్కిన తీగలన్నిటినీ విప్పి, రెండు రోజులు చూడాలి. అంకెలు మెరుగుపడితే తప్పు ఇంటిలోనిదే. గదిగదికీ లాగిన అదనపు తీగలు ఉత్త అలంకారం కావు. చివర ఏమీ లేని 50 మీటర్ల కొమ్మ తీగ నుండి సంకేతం ప్రతిధ్వనిలా వెనక్కు వచ్చి, 1 మెగాహెర్ట్‌జ్ దగ్గరి బాటలను మింగివేస్తుంది.

సాయంకాలపు జబ్బు వేరు. రాత్రి కాగానే వేగం పడిపోతే, మోడెము కుదుర్చుకున్న వేగం మారిందా అని చూడాలి. అది మారక, దిగుమతి మాత్రమే మందగిస్తే, ఊరంతా ఒకేసారి సినిమా చూస్తున్నదని అర్థం. తీగకు ఏ పాపమూ తెలియదు. రొద మిగులు కూడా పడిపోతుంటే రేడియోను అనుమానించాలి. మీడియం వేవ్ కేంద్రాల కంపనాలు సరిగ్గా డి.ఎస్.ఎల్. బాటలలోనే ఉంటాయి. పగలు వాటిని పీల్చుకునే వాయుమండలపు పొర రాత్రి మాయమవుతుంది కనుక, దూరదేశపు కేంద్రాలు కూడా తీగ మీదికి దిగుతాయి. మెలిపెట్టిన జతలో రెండు తీగలూ ఈ రొదను సమానంగా అందుకుంటాయి. మోడెము వాటి తేడాను మాత్రమే చదువుతుంది కనుక రొద కొట్టుకుపోతుంది. ఒక తీగలో అతుకు చిలుము పడితే ఆ సమానత్వం చెడి, రేడియో లోపలికి వస్తుంది. తిరిగి తిరిగి కథ అతుకు దగ్గరికే చేరుతున్నది.

కనుక ఫిర్యాదు చేసేవారికి అవసరమైనది కోపం కాదు, పట్టిక. రెండు వారాలపాటు తేదీ, వేళ, వాన ఉన్నదీ లేనిదీ, రొద మిగులు, ఎన్నిసార్లు తెగినదీ రాసి పెట్టాలి. "ఇంటర్నెట్టు నెమ్మది" అనే మాటకు ఎదుటివారు ఏ సమాధానమైనా చెప్పగలరు. "వాన పడిన అయిదు రోజులలో అయిదు రోజులూ మిగులు 2కు దిగింది, ఎండరోజులలో 6 ఉన్నది" అనే మాటకు స్తంభం ఎక్కి చూడడం తప్ప సమాధానం లేదు. ఫోనులో గరగర ఉంటే ముందుగా దానినే ఫిర్యాదుగా ఇవ్వడం మేలు. అది ఎవరి చెవికైనా వినబడే సాక్ష్యం. లైన్‌మన్‌ను వానరోజున రమ్మని కోరడం ఇంకా మేలు, అది అన్నిసార్లూ చెల్లకపోయినా. సంస్థ ఎంతకీ పట్టించుకోకపోతే, ఆ పట్టికతోనే నియంత్రణ సంస్థ కామ్‌రెగ్‌ను ఆశ్రయించవచ్చు.

మరమ్మతు మాత్రం చిన్నది. చిలుము పట్టిన కొనను కత్తిరించి, తాజా రాగి కనబడేలా చేసి, జిగురు నూనె నింపిన బుడిపెలో పెట్టి నొక్కితే చాలు. ఆ జిగురు నీటిని చేరనివ్వదు. అతుకు బాగుపడిన మరుక్షణమే వేగం రాలేదని బెంగపడకూడదు. తగ్గించిన పర్యవేక్షణే, లైను నిలకడగా ఉన్నదని కొన్ని రోజులు గమనించి, మెల్లగా పెంచుతుంది. ఆ కొన్ని రోజులూ రౌటరును ముట్టుకోకపోవడమే ఇంటివారు చేయవలసిన పని.

గాజు తంతువు ఇంటి దాకా వచ్చినవారికి ఈ బాధలు లేవు. గాజుకు చిలుము పట్టదు, రేడియో వినబడదు. అయితే రాగి తీగ తన విద్యుత్తును ఎక్స్ఛేంజి నుండి తానే తెచ్చుకునేది. తంతువు చివరి పెట్టె ఇంటి విద్యుత్తు మీద బ్రతుకుతుంది. 2017 అక్టోబరులో ఒఫీలియా తుఫాను వచ్చినప్పటిలా కరెంటు పోతే, బ్యాటరీ లేనిచోట ఫోనూ పోతుంది. తంతువు వేయించుకుని పాత జతను తీసివేయించేవారు, దొంగల అలారమో, వృద్ధులు మెడలో వేసుకునే ఆపద బొత్తామో ఇంకా దాని మీదనే పనిచేస్తున్నదేమో ముందు చూసుకోవాలి.