ఇంటిల్లిపాదికీ ఒకే వంట - ఒకరికి పథ్యం



"పాలు తాగితే కడుపు ఉబ్బరం", "చపాతీ తిన్న రాత్రి నిద్ర ఉండదు", "పప్పు తింటే గ్యాసు". మా అవుట్ పేషెంట్ విభాగంలో ప్రతిరోజూ మేము వినే మాటలివి. ఇటువంటి వారిలో కొందరికి డాక్టరు గారు పరీక్షలు చేయించి, పెద్ద జబ్బు ఏదీ లేదని తేలిన తరువాత, "కొన్నాళ్ళు ఫలానా పదార్థాలు మానేసి చూడండి" అని చీటీ రాసిస్తారు. దీనినే ఎలిమినేషన్ డైట్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే ఇది "మాని చూసే పథ్యం".

చీటీ రాయడం సులభమే. ఇంటికి వెళ్ళి వండుకోవడమే కష్టం. ఆ చీటీ ఇంట్లో వంట చేసే తల్లికే వస్తే మరీ కష్టం. భర్తకు, పిల్లలకు, అత్తమామలకు వడ్డించి, చివరికి మిగిలింది తినే ఇల్లాలు తనకోసం వేరే గిన్నె పొయ్యి మీద పెట్టుకోదు. రెండు వారాల తరువాత తిరిగి వచ్చి, "అందరికీ ఒకటి, నాకొకటి ఎట్లా వండుకోను సిస్టరమ్మా? ఇంట్లో వాళ్ళు ఏమనుకుంటారు?" అని తల వంచుకుంటుంది. అప్పటికి పథ్యం మొదలే కాలేదు. కడుపునొప్పి మాత్రం అలాగే ఉంది.

వేరే వంట అక్కరలేదు. వండే దానిలోనుండే సరైన సమయానికి ఒక గిన్నె తీసి పక్కన పెట్టుకుంటే చాలు. ఈ ఒక్క సంగతి ఇంటిల్లిపాదికీ తెలియాలనే ఈ నెల ఈ వ్యాసం రాస్తున్నాము.

సరిపడకపోవడం వేరు, అలర్జీ వేరు

చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. అలర్జీ అంటే శరీరంలోని రోగనిరోధక శక్తి ఒక ఆహారాన్ని శత్రువుగా భావించి ఎదురు తిరగడం. వేరుశెనగ, రొయ్యలు, గుడ్డు వంటివి కొంచెం తిన్నా కొందరికి దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తాయి. ఇది ప్రాణాపాయం కావచ్చు.

సరిపడకపోవడం అలా కాదు. ఇక్కడ సమస్య జీర్ణం కావడంలో ఉంటుంది. ఉదాహరణకు పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దానిని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము చిన్నతనంలో పుష్కలంగా ఉండి, పెద్దయ్యే కొద్దీ మనలో చాలామందికి తగ్గిపోతుంది. అరగని చక్కెర పెద్దప్రేగులోకి వెళ్ళి, అక్కడి సూక్ష్మజీవుల వలన పులిసి గ్యాసు పుడుతుంది. అందుకే ఉబ్బరం, కడుపులో గుడగుడ, నీళ్ళ విరేచనాలు. గోధుమ, ఉల్లి, వెల్లుల్లి, కందిపప్పు, శెనగపప్పులలో ఉండే కొన్ని పిండిపదార్థాలు కూడా ఇలాగే పులుస్తాయి. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో వీటన్నిటికీ కలిపి "ఫోడ్‌మ్యాప్" అనే పేరు పెట్టారు.

మూడవది సీలియాక్ జబ్బు. గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ వలన చిన్నప్రేగు లోపలి పొర దెబ్బతింటుంది. ఈ జబ్బు ఉన్నవారు జీవితాంతం గోధుమ మానాలి. కనుక గోధుమ మానేముందే డాక్టరు గారిని అడిగి రక్తపరీక్ష చేయించుకోండి. మానేసిన తరువాత చేయిస్తే జబ్బు ఉన్నా పరీక్షలో కనబడకపోవచ్చు.

ఇది ఉపవాసం కాదు, పరీక్ష

మన ఇళ్ళలో పథ్యం అనగానే చప్పిడి కూడు, జావ, చారునీళ్ళు గుర్తుకు వస్తాయి. కొందరు సహోదరీలు దీనిని ఉపవాస ప్రార్థనలాగా, మొక్కుబడిలాగా భావించి నెలల తరబడి అన్నీ మానేసి నీరసించిపోతారు. అది తప్పు. ఈ పథ్యం ఒక పరీక్ష మాత్రమే. పరీక్షకు మొదలు, చివర ఉంటాయి.

దానియేలు, అతని స్నేహితులు రాజభోజనం మాని పది దినములు శాకాహారంతో పరీక్షించబడిన సంగతి మనకందరికీ తెలుసు. గడువు ముందే నిర్ణయించారు. గడువు తరువాత వారి ముఖములు చూసి ఫలితం తేల్చారు. మన పథ్యం పద్ధతి కూడా అంతే. వైద్యంలో ఈ పద్ధతిని 1920లలో అమెరికాకు చెందిన డాక్టర్ ఆల్బర్ట్ రో ప్రచారంలోకి తెచ్చారు. సాధారణంగా 2 నుండి 6 వారాలు మానిస్తారు. మీకు ఎన్ని వారాలో చీటీలో చూసుకోండి. ఆ తరువాత ఒక్కొక్కటిగా తిరిగి తిని చూడాలి.

చిన్న పిల్లలు, గర్భిణీలు, బాలింతలు, షుగరు మందులు వాడేవారు, బరువు తక్కువగా ఉన్న వృద్ధులు సొంతంగా ఈ పథ్యం మొదలుపెట్టరాదు. చంటిబిడ్డకు విరేచనాలైతే తల్లిపాలు మానిపించరాదు.

ఒకేసారి వంద, రెండు వందల ఆహారాలకు రక్తపరీక్ష చేసి ఏవి పడవో చెబుతామనే ప్యాకేజీలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఐజీజీ పరీక్షలు. అలర్జీ నిపుణుల సంఘాలు వీటిని నమ్మవద్దనే చెబుతున్నాయి. ఆ డబ్బు మీ పిల్లల ఫీజులకు ఉంచుకోండి.

ఏది ఎక్కడ దాగి ఉంటుంది?

గోధుమ: చపాతీ, పూరీలే కాదు. ఉప్మా చేసే బొంబాయి రవ్వ, సేమియా, మైదా, బ్రెడ్డు, బన్ను, రస్కు, బిస్కెట్లు, పఫ్‌లు అన్నీ గోధుమే. ఇడ్లీ రవ్వ మాత్రం బియ్యానిది. డబ్బా ఇంగువలో చాలావరకు మైదా గానీ బియ్యప్పిండి గానీ కలుపుతారు. కొనేముందు డబ్బా వెనుక చదవండి.

పాలు: టీ, కాఫీ, పాయసం, కోవా, పాలపొడి, చాక్లెట్లు, చాలా రకాల బిస్కెట్లు. మాల్ట్ పానీయాలలో గోధుమ, పాలు రెండూ ఉండవచ్చు. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు. కొన్ని మాత్రలలో కూడా లాక్టోజ్ అతి కొద్దిగా ఉంటుంది. ఆ భయంతో బి.పి., థైరాయిడ్ మాత్రలు మానకండి.

ఉల్లి, వెల్లుల్లి: మసాలా ముద్దలు, పచ్చళ్ళు, కారప్పొడులు, హోటలు చట్నీలు, సాంబారు.

వీటికి బదులు మన వంటింట్లోనే కావలసినన్ని ఉన్నాయి. అన్నం, జొన్నరొట్టె, బియ్యప్పిండి రొట్టె, రాగి సంకటి, అటుకులు. కూరలలో వంకాయ, బంగాళాదుంప, క్యారెట్, బీన్స్, దోసకాయ, పాలకూర. గుడ్డు, చేప, కోడి మాంసం. పండ్లలో బొప్పాయి, కమలా, మరీ మగ్గని అరటి. పాలు మానినప్పుడు కాల్షియం తగ్గకుండా రాగులు, నువ్వులు, ముల్లుతో తినే చిన్నచేపలు వాడండి. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.

ఒకే వంట, రెండు పోపులు

చీటీలో పాలు, గోధుమ, ఉల్లి, వెల్లుల్లి, కందిపప్పు మానమని ఉందనుకోండి. వంట ఇలా చేయవచ్చు.

పప్పు: ఈ నాలుగు వారాలు ఇంటిల్లిపాదికీ పెసరపప్పు వండండి. రెండు మూడు గంటలు నానబెట్టి ఆ నీరు పారబోయండి. దోసకాయ గానీ పాలకూర గానీ వేసి, పసుపు, ఉప్పుతో ఉడికించండి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతో మొదటి పోపు పెట్టండి. ఇప్పుడు పథ్యం వారికి ఒక గిన్నె తీసి మూత పెట్టండి. తరువాత మరొక గరిటెడు నూనెలో ఉల్లి, వెల్లుల్లి వేయించి మిగిలిన పప్పులో కలపండి. పని పెరిగేది అయిదు నిమిషాలు. పథ్యం వారు పెసరపప్పు అయినా కొద్దిగానే, నాలుగైదు చెంచాలు వేసుకోవాలి.

వెల్లుల్లి వాసన లేనిదే ముద్ద దిగనివారికి ఒక ఉపాయం ఉంది. వెల్లుల్లిలో గ్యాసు పుట్టించే పదార్థం నీటిలో కరుగుతుంది గాని నూనెలో కరగదు. రేకలు నలపకుండా ఒట్టి నూనెలో వేయించి, రేకలన్నీ తీసివేసి, ఆ నూనెతో పోపు పెట్టండి. వాసన వస్తుంది, బాధ ఉండదు. నీరుగల కూరలో వెల్లుల్లి వేసి తరువాత ఏరివేస్తే మాత్రం ప్రయోజనం లేదు. ఈ నూనెను ఏ పూటకా పూట చేసుకోండి, నిలవ ఉంచవద్దు.

ఆదివారం కోడికూర: అల్లం, పసుపు, కారం, ధనియాల పొడి, మిరియాలు, టమాటాతో కూర వండండి. ముక్క ఉడికాక పథ్యం వారి గిన్నె తీయండి. ఉల్లిపాయలు విడిగా ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద కూడా అందులోనే మగ్గించి, మిగిలిన కూరలో కలిపి మరొక పది నిమిషాలు ఉడికించండి. చేపల పులుసుకూ ఇదే పద్ధతి. ఉల్లి లేకపోతే రుచి ఎక్కడిది అనకండి. కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి ముట్టని ఇరుగుపొరుగు అమ్మలను అడగండి. అల్లం, ఇంగువ, కొత్తిమీర, చింతపండుతో ఎన్ని కూరలు చేయవచ్చో చెబుతారు. ఉల్లికాడలలో పచ్చని భాగం కూడా వాడుకోవచ్చు.

టిఫిను: అందరికీ బొంబాయి రవ్వ ఉప్మా బదులు బియ్యపు రవ్వ ఉప్పుడుపిండి గానీ అటుకుల ఉప్మా గానీ చేయండి. రాత్రి చపాతీ చేసేరోజు పథ్యం వారికి అన్నమే ఉంచండి. పిల్లల పాలు పిల్లలకు ఇవ్వండి. ఒకరి పథ్యం కోసం ఎదిగే పిల్లల పాలు మానిపించవద్దు.

సరిపడనివారికి గరిటెకు అంటిన కొంచెం వలన ప్రమాదం లేదు. కాని అలర్జీ, సీలియాక్ ఉన్నవారికి పెనం, గరిటె, పూరీలు కాల్చిన నూనె కూడా వేరుగా ఉండాలి.

ఇంటి యజమానులకు ఒక మాట. పథ్యం మీ భార్యకో, మీ కోడలికో అయితే, ఆమె గిన్నె తీసి పెట్టిందా లేదా అని మీరే అడగండి. ఆమె చివర కాకుండా మీతోపాటు కూర్చుని తినేలా చూడండి. చివర తినే మనిషికి మిగిలేది ఉల్లి కలిసిన కూరే. ఎవరు ముందు తింటారు అనే దానిమీదనే చాలా ఇళ్ళలో ఈ పథ్యం నిలబడేదీ, పడిపోయేదీ.

విందులు, సంస్కారము

క్రిస్మస్, పెళ్ళిళ్ళ వారాలలో పథ్యం మొదలుపెట్టకండి. మామూలు వారాలు ఎంచుకోండి. ప్రేమవిందుకు వెళ్ళవలసి వస్తే ఇంటి గిన్నె తీసుకువెళ్ళండి, అందులో సిగ్గు లేదు. వడ్డించేవారు కూడా "ఒక్క ముద్దకు ఏమవుతుందమ్మా" అని బలవంతం చేయకండి. ప్రభు సంస్కారపు రొట్టెలోని చిన్న ముక్క వలన గోధుమ సరిపడనివారికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. సీలియాక్ జబ్బు ఉన్నవారు మాత్రం పాస్టరు గారికి ముందుగా చెప్పి వేరే ఏర్పాటు చేసుకోవాలి.

తిరిగి తినడమే అసలు పని

పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీసుకోండి. తేదీ, ఏమి తిన్నారు, ఎంత తిన్నారు, కడుపు ఎలా ఉంది, విరేచనం ఎన్నిసార్లు అని రోజూ రాయండి. చదువురాని వారికి పిల్లలు రాసిపెట్టవచ్చు.

గడువు ముగిశాక ఒక్కొక్క పదార్థానికి మూడు రోజులు ఇవ్వండి. పాలైతే మొదటి రోజు పావు గ్లాసు, రెండవ రోజు అర గ్లాసు, మూడవ రోజు గ్లాసు. గోధుమ అయితే ఒక పుల్కా, రెండు, మూడు. ఆపైన రెండు మూడు రోజులు ఆగి తరువాతి పదార్థం మొదలుపెట్టండి. రెండు ఒకేసారి మొదలుపెడితే ఏది పడలేదో తెలియదు. బాధ వస్తే ఆపి, పూర్తిగా తగ్గాక ముందుకు వెళ్ళండి. ఒకసారైనా వాపు, ఆయాసం వచ్చిన ఆహారాన్ని ఇంట్లో తిరిగి తిని చూడరాదు. అది ఆసుపత్రిలో డాక్టరు ఎదుట మాత్రమే చేయాలి.

గడువు అంతా సరిగ్గా పాటించినా బాధ ఏమీ తగ్గకపోతే, కారణం ఆ ఆహారం కాదు. మానినవన్నీ తిరిగి మొదలుపెట్టి డాక్టరు గారిని కలవండి.

చివరికి చాలామందికి తేలేది "ఇది పూర్తిగా మానాలి" అని కాదు, "ఇంతవరకు పడుతుంది" అని. పాలు పడనివారిలో కూడా చాలామంది రోజు మొత్తం మీద ఒక కప్పు పాలు, భోజనంతో కొంచెం కొంచెంగా తీసుకుంటే తట్టుకోగలరు. పెరుగు ఇంకా తేలికగా పడుతుంది.

వెంటనే రావలసినవి

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, రాత్రి నిద్రలేపే విరేచనాలు, 50 ఏళ్ళు దాటాక కొత్తగా మొదలైన బాధ: వీటికి పథ్యం మందు కాదు. ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి. తిన్న వెంటనే పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోను చేయండి.

పథ్యం చీటీ తీసుకున్న వారు మరుసటి విజిట్‌కు నోటుబుక్కుతో పాటు ఇంట్లో మరొకరిని వెంటబెట్టుకొని రండి. ఇద్దరికీ కలిపి మా సిస్టర్లు వివరిస్తారు. మీ ఇంటి భోజనపు బల్ల చుట్టూ అందరూ కలిసి కూర్చొని, ఆరోగ్యముతోను సమాధానముతోను భుజించునట్లు ప్రభువు కృప చూపును గాక.