కుళాయి నీళ్లు – పిల్లల విరేచనాలు

వానలు పట్టాయంటే చాలు, కొత్తవలస చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆస్పత్రికి వచ్చే తల్లుల భుజాల మీద పిల్లలు వాడిన తోటకూర కాడల్లా వేలాడుతూ కనిపిస్తారు. "ఎన్నిసార్లయ్యాయమ్మా?" అని అడిగితే లెక్క చెప్పలేరు. "తాగడానికి ఏమిచ్చారు?" అని అడిగితే మాత్రం పక్కనున్న నాయనమ్మ వెంటనే అందుకుంటుంది.

"నీల్లిస్తే ఇంకా ఎక్కువైపోతాది కదేటి బాబూ, అందుకే మానిపించేసినాం."

ఆ ముసలమ్మను కసురుకుని ప్రయోజనం లేదు. ఆమె తన పెద్దల దగ్గర విన్నది అదే. కాని బిడ్డ ప్రాణం తీసేది విరేచనం కాదు, విరేచనంతో పాటు ఒంట్లోంచి పోయే నీరు, ఉప్పు. పోయినది పోయినట్టు తిరిగి నింపుతూ ఉంటే నూటికి తొంభై మంది పిల్లలు ఇంటి దగ్గరే తేరుకుంటారు.

ఇది పాతకాలపు జబ్బు, ఇప్పుడెక్కడిది అనుకోకండి. 2024 అక్టోబరులో మన విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి మనుషులు చనిపోయారు. ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఆ ఊరు వచ్చి బాధిత కుటుంబాలను పలకరించారు. అప్పుడు అందరి నోటా వచ్చిన మాట ఒక్కటే: తాగునీరు.

మరి ట్యాంకులో బాగున్న నీరు మీ చెంబులోకి వచ్చేసరికి ఎలా చెడుతుంది? కుళాయి రోజంతా రాదు. నీళ్లు ఆపేయగానే పైపు ఖాళీ అవుతుంది. ఆ పైపు మురుగుకాలువ పక్కనో, కాలువలోంచో పోతూ, దానికి సన్నని చిల్లు ఉందనుకోండి. నీళ్లు వస్తున్నప్పుడు ఆ చిల్లులోంచి బయటికి కారతాయి. ఆగిపోయాక బయటి మురుగు అదే దారిన లోపలికి చేరుతుంది. ఇక కుళాయికి నేరుగా మోటారు బిగించేవాళ్లున్నారు. మోటారు నీటిని గుంజుతుంది, నీటితో పాటు చిల్లు దగ్గరున్న మురుగునూ గుంజుతుంది. పక్కింటికి నీళ్లు అందకపోవడం ఒక పాపం, వీధి మొత్తానికి జబ్బు పంచడం మరో పాపం.

కొత్తవలస రైల్వే జంక్షను. విశాఖ నుంచి కిరండూలు వెళ్లే రైలు దారి ఇక్కడే చీలుతుంది. ఇటువంటి చోట కొత్త ఇళ్లు లేస్తూనే ఉంటాయి, ప్రతి కొత్త ఇంటికీ రోడ్డు తవ్వి ఒక కనెక్షను లాగుతారు. అతుకు సరిగ్గా పడిందా లేదా అని నిలబడి చూసేది ఎందరు?

2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నెలలో మూడో శనివారాన్ని స్వచ్ఛాంధ్ర దినంగా పాటించడం మొదలుపెట్టింది. మంచిదే. చీపురు పట్టుకుని ఫొటో దిగడం తేలిక. కాలువలో మునిగిన పైపును పైకెత్తించడం కష్టం, అది ఫొటోలో అందంగానూ ఉండదు. ఊరి పరిశుభ్రత అంటే నా దృష్టిలో ముందు ఆ రెండో పని. గ్రామసభ జరుగుతోందని చాటింపు విన్నప్పుడు మగవాళ్లకు వదిలేయకుండా ఇల్లాళ్లు కూడా వెళ్లండి. మురుగులో నీళ్ల పైపు ఎక్కడెక్కడ ఉందో పట్టణమైతే కౌన్సిలరుకు, పల్లె అయితే సర్పంచికి చూపించండి. ట్యాంకు కడిగిన తేదీ అడగండి. క్లోరిన్ పరీక్ష ట్యాంకు కింద కాదు, వీధి చివరింటి కుళాయి దగ్గర చేయమనండి. మందు చుక్కలు వేస్తే నీరు పసుపు రంగుకు తిరగాలి. అక్కడ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా క్లోరిన్ మిగిలి ఉండాలి. బ్లీచింగ్ పొడి తాజాదైతే వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాములు సరిపోతుంది, కలిపాక గంటసేపు ఆగాలి. మూత తీసిన బస్తా నెలల తరబడి ఉంటే అందులో మిగిలేది సున్నమే.

ఇంట్లో చేయవలసింది మీకు తెలిసినదే. నీళ్లు తెర్లే వరకు కాచండి. కాచిన బిందెలో గ్లాసు పట్టుకుని చేయి ముంచితే కాచిన ఫలం పోతుంది. పొడుగు కాడ గరిటె వాడండి. దొడ్డికి వెళ్లొచ్చాక, పసిబిడ్డను కడిగాక, అన్నం కలిపే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఇంత చేసినా విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. మొదలుపెట్టండి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన బనగావ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ములకు నింపించి, రోగుల తల్లులకు, అన్నలకు, చెల్లెళ్లకు గ్లాసులిచ్చి తాగించమన్నారు. నూటికి 30 దాకా ఉన్న చావులు 4కు లోపుకు దిగాయి. అక్కడ నర్సులు ఇంటివాళ్లే.

ప్యాకెట్టు ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది. మొత్తం పొడి ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. సగం సగం వేయకండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. దుకాణంలో రంగు డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓ.ఆర్.ఎస్. కావు. చక్కెర ఎక్కువై విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అటువంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో తలగొట్టి కొలిచి వేయండి. రుచి కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండరాదు.

రెండేళ్ల లోపు బిడ్డకు ప్రతి విరేచనానికి పావు నుంచి అర కప్పు, చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. కక్కుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపవద్దు. పెద్ద పిల్లలకు గంజి, పల్చని చోడి అంబలి, పెరుగన్నం పెట్టవచ్చు. జింకు మాత్రలు విరేచనాలు కట్టినా 14 రోజులూ వేయాలి, మోతాదు ఏ.ఎన్.ఎం.ను అడగండి. విరేచనాలు ఆగే మాత్రలు పిల్లలకు మీ అంతట మీరు వేయకండి.

కళ్లు లోపలికి పోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, పొట్ట మీద చర్మం లాగి వదిలితే మెల్లగా దిగినా, రక్తం పడినా, బిడ్డ మగతగా ఉండి తాగలేకపోయినా, తెల్లవారనిద్దాం అనుకోక 108కి ఫోను చేయండి. బండి వచ్చేలోగా, దారిలోనూ, తాగగలిగితే తాగిస్తూనే ఉండండి. స్పృహ లేని బిడ్డ నోట్లో మాత్రం చుక్క కూడా పోయకండి.