పిత్తనాళ క్యాన్సరు: క్రొవ్వుతో పొత్తు

కాలేయమున ఊరిన పిత్తరసమును చిన్నప్రేవునకు గొనిపోవు సన్నని నాళముల లోపలి గోడలపై తాపడమువలె పరచుకొనియున్న కణములయందు పుట్టు క్యాన్సరు, సంఖ్యలో అరుదైనదే యైనను, వ్యాపించుటలో మిక్కిలి క్రూరమైనది. ఈశాన్య థాయిలాండునందు పచ్చి మంచినీటి చేపలను ‘కోయ్ ప్లా’ యను పేర కారము పులుపు చేర్చి తిను వాడుక తరతరములుగా నుండుటచేత, ఆ చేపలతో లోనికి జొచ్చిన పరాన్నజీవి ఏండ్లతరబడి పిత్తనాళములలో కాపురముండి, వాపు పుట్టించి, తుదకీ వ్యాధికి దారితీయుచున్నది; ప్రపంచమున మరెచ్చటను ఇది యింత విరివిగా కానరాదు.

1920వ దశకమున జర్మను శాస్త్రజ్ఞుడు ఆటో వార్‌బర్గ్, ప్రాణవాయువు చాలినంత యున్నను క్యాన్సరు కణములు గ్లూకోజును పులియబెట్టి వాడుకొనునని చూపినది మొదలుకొని, పరిశోధకుల దృష్టి చిరకాలము చక్కెరపైననే నిలిచినది. క్రొవ్వు మరుగున పడినది. నిజమునకు, విభజన చెందు ప్రతి కణమునకును క్రొత్త త్వచము కావలెను, త్వచమునకు క్రొవ్వామ్లములు కావలెను. అంతియే గాక, పామిటిక్ ఆమ్లమను క్రొవ్వామ్లపు అణువొక్కటి పూర్తిగా దహింపబడిన యెడల కణమునకు శక్తినిచ్చు ఏటీపీ అణువులు సుమారు 106 లభించును, గ్లూకోజు అణువునుండి దొరకునవి 30కి అటునిటు.

ఈ క్రొవ్వును క్యాన్సరు కణము తానే తయారుచేసికొనునా, పరులనుండి గైకొనునా యన్నదే అసలు వివాదము. థాయిలాండులోని ఖోన్ కేన్ పరిశోధకులు క్రొవ్వామ్లములను నిర్మించు ఎంజైమును అణచినప్పుడు, ప్రయోగశాలలోని కణముల వృద్ధియు సంచారమును తగ్గెను. కాని 2016లో వెలువడిన వేరొక పరిశోధనమున, ఆ ఎంజైమునే తొలగించిన ఎలుకలలో కాలేయకణ క్యాన్సరు నిలిచిపోయినను, పిత్తనాళ క్యాన్సరు మాత్రము, బయటి క్రొవ్వును పీల్చుకొనుట దానికి చేతనగుటచే, పెద్దగా అడ్డుపడక పెరిగినది. వేగముగా వృద్ధిచెందు ఈ కణములు రక్తములో క్రొవ్వును మోయు లైపోప్రోటీనులను, మనము ‘మంచి కొలెస్ట్రాల’ని ముచ్చటపడు హెచ్.డి.ఎల్.తో సహా, గ్రహించి దహించునని 2022లో తేలినది. నాకు రెండవ పక్షమే బలముగా తోచుచున్నది. అయినను, ఒకే పేరు గల ఈ వ్యాధిలో పలు ఉపజాతులుండుటచేత రెండును నిజము కావచ్చును.

ఈ క్యాన్సరు తరచుగా ముందు చేరునది శోషరసగ్రంథులను. 2019లో కొరియా శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసిన ప్రయోగములలో, ఆ గ్రంథులను చేరిన క్యాన్సరు కణములు క్రొవ్వును దహించుటకు అలవాటుపడుననియు, ఆ దహనమును అడ్డగించినచో వ్యాప్తి తగ్గుననియు, విచిత్రముగా అచ్చట పిత్తామ్లములు ప్రోగుపడి ఆ మార్పును ప్రేరేపించుననియు కనుగొనిరి. ఆ ప్రయోగములలోనివి చర్మపు, రొమ్ము క్యాన్సర్లు. పిత్తములోనే పుట్టిన దానికిది వర్తింపదనుట కష్టమే గాని, నిరూపింపక వర్తించుననుటయు తగదు.

ఔషధముతో ఈ దహనమును ఆపుదమన్న, గుండెకండరము సైతము ప్రధానముగా క్రొవ్వుపైననే ఆధారపడియున్నది. ఇక రోగి నేయి నూనెలు మానినంత మాత్రమున కణితి పస్తుండదు, ఏలయన కాలేయము అన్నములోని పిండిపదార్థమునుండియే క్రొవ్వును కట్టగలదు; పైపెచ్చు, నాళము మూసికొనిపోయి పిత్తము ప్రేవునకు జేరని రోగికి తిన్న క్రొవ్వే సరిగా జీర్ణముకాక, ఏ, డి, ఇ, కె విటమినులు సైతము కొరతపడుచుండును.