కలం పట్టలేని చేతికి స్వరలిపి

ఇంగ్లండ్‌లో పుట్టి ఫ్రాన్స్‌లో స్థిరపడిన స్వరకర్త ఫ్రెడరిక్ డీలియస్‌కు 1920లు ముగిసేసరికి చూపు పోయింది, కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. తలలో మాత్రం ఆర్కెస్ట్రా ఆగలేదు. సగంలో ఆగిన రచనలు అలాగే పడి ఉన్నాయి. ఆ సంగతి తెలిసిన ఎరిక్ ఫెన్‌బీ అనే 22 ఏళ్ల యార్క్‌షైర్ కుర్రాడు, మీరు చెప్పండి నేను రాస్తాను అని ఉత్తరం రాసి, 1928లో ఆయన ఇంటికి చేరాడు. మొదటి ప్రయత్నం ఘోరంగా బెడిసికొట్టింది. డీలియస్ శ్రుతీ గతీ లేకుండా ఒకే గొంతుతో రాగం లాగుతూ పోయాడు. అది ఏ స్వరమో కుర్రాడికి అంతుపట్టలేదు. పాడటం మానేసి పేర్లు చెప్పడం మొదలుపెట్టాకే దారి దొరికింది. ఫలానా వాద్యం, ఫలానా స్వరం, ఇంత వ్యవధి. 1934లో డీలియస్ కన్నుమూసేదాకా ఆ పని సాగింది. ‘ఎ సాంగ్ ఆఫ్ సమ్మర్’ అనే ఆర్కెస్ట్రా రచన అలా వెలుగు చూసిందే.

వాద్యం, స్వరం, వ్యవధి. సంగీతాన్ని చేతి నైపుణ్యం నుంచి విడదీసి చెప్పగలిగిన మాటలుగా మార్చడం అక్కడ జరిగింది. ఇవాళ కంప్యూటర్‌లో స్వరలిపి రాసే సాఫ్ట్‌వేర్ మనల్ని అడిగేదీ ఆ మూడే.

ఫెన్‌బీ దొరకనివాళ్ల పరిస్థితి ఏమిటో రష్యన్ స్వరకర్త ఆల్ఫ్రెడ్ ష్నిట్కె చివరి రచన చూస్తే తెలుస్తుంది. పక్షవాతం పదే పదే దెబ్బతీశాక కుడిచెయ్యి పడిపోయింది, మాట కూడా పోయింది. ఎడమచేత్తో వణుకుతూ తొమ్మిదో సింఫనీ రాశాడు. 1998లో ఆయన పోయాక ఆ ప్రతి చదవడమే ఒక యజ్ఞమైంది. గీత మీద ఉన్నది ఏ స్వరం, గీతల మధ్య ఉన్నది ఏది అని పోల్చుకుంటూ అలెగ్జాండర్ రస్కాతోవ్ అనే మరో స్వరకర్త దాన్ని తిరగరాస్తే, ఆ రూపాన్ని 2007లో డ్రెస్డెన్‌లో తొలిసారి వినిపించారు. ఇందులో నాకు బాధ కలిగించేది జబ్బు కాదు. అంత కష్టపడి రాసిన దాన్ని రస్కాతోవ్ సరిగ్గా చదివాడా లేదా అని చూసుకునే అవకాశం ష్నిట్కెకు లేకపోయింది.

పాశ్చాత్య స్వరలిపి చేతికి చాలా పని పెడుతుంది. ఐదు గీతలు, వాటి మీద కోడిగుడ్డు ఆకారపు చుక్కలు, చుక్కలకు కాడలు, కాడలకు తోకలు. అచ్చు వేయాలంటే ఇంకా కష్టం. మెత్తని లోహపు పలక మీద ఒక్కో గుర్తునూ అద్దంలో కనిపించినట్టు తిరగేసి, ఆ గుర్తున్న ఉక్కు అచ్చుతో కొట్టేవారు. టైపురైటర్‌లాంటి యంత్రాలు వచ్చాయి గానీ వాటికీ వేళ్ల బలం, కచ్చితమైన చూపు కావాలి. 1970ల తొలినాళ్లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లేలండ్ స్మిత్ అనే సంగీత ఆచార్యుడు కంప్యూటర్ చేత స్వరలిపి గీయించే పని మొదలుపెట్టాడు. ‘స్కోర్’ అనే ఆయన ప్రోగ్రామ్‌లో బొమ్మ గీయడం లేదు, టైపు చేయడమే. ముందు స్వరాలన్నీ వరుసగా, తర్వాత వాటి వ్యవధులు, ఆ పైన మిగతా గుర్తులు. గీత ఎక్కడ, కాడ ఎటువైపు అన్న లెక్కంతా యంత్రానిది. ఫెన్‌బీ దగ్గర డీలియస్ చేసిన పనే ఇది. రాసిపెట్టే మనిషి స్థానంలో యంత్రం వచ్చింది.

1988లో అమెరికాలో ఫిల్ ఫరాండ్ రాసిన ‘ఫినాలే’ ఇళ్లలోని కంప్యూటర్లకు చేరింది. ఇంగ్లండ్‌లో బెన్ ఫిన్, జొనాథన్ ఫిన్ అనే కవల సోదరులు స్కూలు చదువు అవగానే, 1986లో మరొకటి మొదలుపెట్టారు. ఒకరు కేంబ్రిడ్జ్‌లో, ఒకరు ఆక్స్‌ఫర్డ్‌లో సంగీతం చదువుతూనే కోడ్ రాశారు. చేత్తో స్వరలిపి రాయడం వాళ్లకు విసుగు, అందుకే ఈ ప్రయత్నం. అది 1993లో ‘సిబేలియస్’ పేరుతో బజారులోకి వచ్చింది. ఇక జర్మన్ ప్రోగ్రామర్ వెర్నర్ ష్వేర్ 2002లో మొదలుపెట్టిన ‘మ్యూజ్‌స్కోర్’ పూర్తిగా ఉచితం, కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంటుంది.

వీళ్లెవరూ వికలాంగుల కోసమని కూర్చుని ఇవి తయారు చేయలేదు. కానీ శ్రమ తగ్గించాలని చేసిన ఆ పనిలోనే, ఒక్క వేలు మాత్రమే కదిలే మనిషికీ చోటు ఏర్పడింది.

మ్యూజ్‌స్కోర్‌లో ఒక చిన్న వరుస రాద్దాం. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే పనిచేస్తోందని అనుకోండి. కీబోర్డ్ మీద ‘ఎన్’ నొక్కితే రాసే స్థితి వస్తుంది. 5 నొక్కితే ఒక బీటు వ్యవధి, 4 అయితే అందులో సగం, 6 అయితే రెట్టింపు. తర్వాత స్వరం పేరున్న అక్షరం నొక్కడమే. ‘సి’, ‘డి’, ‘ఇ’ అని మూడు నొక్కులకు మూడు స్వరాలు గీతల మీద కూర్చుంటాయి, నొక్కినప్పుడల్లా వినిపిస్తాయి కూడా. సున్నా నొక్కితే మౌనం. స్వరం పై స్థాయిలో పడాల్సింది కింద పడిందా? కంట్రోల్, పైబాణం కలిపి నొక్కాలి. రెండు కీలు ఒకేసారి నొక్కలేని చేతికి విండోస్‌లో ‘స్టిక్కీ కీస్’ ఉంది. కంట్రోల్ నొక్కి వదిలేయొచ్చు, తర్వాత తీరిగ్గా బాణం నొక్కొచ్చు. రాసిన వరుస మళ్లీ రావాలంటే దాన్ని ఎంచుకుని ‘ఆర్’ నొక్కితే చాలు. ఇరవై వాద్యాలకు రాసిన రచనలోంచి ఎవరి భాగాన్ని వాళ్లకు విడదీసి ఇచ్చే పని సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. ఒకప్పుడు అది నకలు రాసేవాళ్లకు రోజుల తరబడి పని.

ఈ వరుసను ఒకరు పది సెకన్లలో కొట్టవచ్చు, మరొకరికి పది నిమిషాలు పట్టవచ్చు. పేజీ మీద రెండూ ఒక్కలాగే ఉంటాయి. వాయించేవాళ్లకు చెయ్యి వణికిన సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

వేలు కూడా కదలనప్పుడు? తెర మీద గళ్లు ఒక్కొక్కటిగా వెలుగుతూ పోతుంటే, కావాల్సిన గడి వచ్చినప్పుడు గడ్డంతోనో చెంపతోనో ఒక్క స్విచ్ నొక్కే పద్ధతి ఉంది. చూపును కెమెరాతో పట్టి, చూసిన చోటే క్లిక్ చేసే పరికరాలూ ఉన్నాయి. స్వరలిపి మొత్తం కీల వరుసగా మారిపోయింది కాబట్టే ఇవి దానితో కలిసి పనిచేయగలుగుతున్నాయి.

అమెరికన్ గిటారిస్ట్ జేసన్ బెకర్ జీవితం ఈ దారి మొత్తాన్నీ చూపిస్తుంది. 20 ఏళ్ల వయసులో గాయకుడు డేవిడ్ లీ రాత్ బృందంలో చేరి, పేరు మార్మోగబోతున్న సమయంలో అతనికి ఏఎల్ఎస్ ఉన్నట్టు తేలింది. కండరాలను ఆడించే నరాలు చచ్చిపోయే జబ్బు అది. మూడు నుంచి ఐదేళ్లు బతకడమే ఎక్కువన్నారు. ముందు గిటార్ వదిలేయాల్సి వచ్చింది. తర్వాత ఒక్క చేత్తో ఎలక్ట్రానిక్ కీబోర్డ్ మీద స్వరాలు కూర్చాడు. ఆ చెయ్యీ పడిపోయాక, తల కదలికలతో నడిచే సంగీత ప్రోగ్రామ్‌ను మైక్ బెమెస్‌డర్ఫర్ అనే మిత్రుడు సమకూర్చాడు. 1996లో ‘పర్‌స్పెక్టివ్’ ఆల్బమ్ అలా వచ్చింది. ఆ ఏడాదే మాట పోయింది. తండ్రి గ్యారీ కళ్ల భాష ఒకటి కనిపెట్టాడు. అక్షరాలను ఆరు గళ్లుగా పంచి, మొదటి చూపుతో గడి, రెండో చూపుతో అందులోని అక్షరం. ఎదుటివాళ్లు ఆ అక్షరాలు కూర్చుకుని, అతను చెప్పిన స్వరాన్ని కంప్యూటర్‌లో పెడతారు. 2018లో ‘ట్రయంఫెంట్ హార్ట్స్’ ఆల్బమ్ అలాగే విడుదలైంది.

బెకర్ ఇప్పటికీ ఇంట్లోవాళ్ల మీద, మిత్రుల మీద ఆధారపడతాడు. అది తక్కువతనం కాదు. అయినా ఈ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వాటిలో అన్నిటికన్నా విలువైనది ఏకాంతమే అని నా నమ్మకం. డీలియస్ ప్రతి ఆలోచననూ ఫెన్‌బీ చెవిన వేయాల్సిందే, పేలవమైన వాటితో సహా. ఏ స్వరకర్తయినా వంద పేలవమైన ఆలోచనలు రాసి కొట్టేశాకే ఒక మంచిదాన్ని పట్టుకుంటాడు. వాటిని అర్ధరాత్రి ఒంటరిగా రాసుకుని, విని, ఎవరికీ చూపకుండా చెరిపేసుకునే హక్కు చేతులున్నవాళ్లకు పుట్టుకతోనే ఉంది. లేనివాళ్లకు ఈ సాఫ్ట్‌వేర్ ఇచ్చింది.

అందుకే లోపాలు గట్టిగా చెప్పాలి. మౌస్ పట్టుకుని లాగితే తప్ప కుదరని పని ఏది మిగిలినా, అక్కడ తలుపు మూసుకున్నట్టే. కీ సత్వరమార్గాలు మార్చేసే ప్రతి కొత్త వెర్షనూ ఒంటివేలి మనిషికి కొత్త చదువే. 2024లో ఫినాలే అభివృద్ధి ఆపేస్తున్నట్టు ప్రకటన వచ్చినప్పుడు వాడుకరులందరూ నొచ్చుకున్నారు. ఏళ్లతరబడి ఒక్కో కదలికనూ దానికి అలవాటు చేసుకున్న వికలాంగ స్వరకర్తకు మాత్రం అది మళ్లీ మొదటికి రావడం.

మన కర్ణాటక సంగీతానికి ఒక సౌలభ్యం ఉంది. స రి గ మ లు అక్షరాలే, తెలుగు టైపు చేయగలిగితే కృతి రాయవచ్చు. చిక్కల్లా స్వరాన్ని ఊపే గమకాల దగ్గరే. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగులో అచ్చువేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు పెట్టారు. అంటే గమకాన్ని చెప్పగలిగిన పేర్లుగా విడగొట్టే పని నూటిరవై ఏళ్ల కిందటే జరిగింది. పాశ్చాత్య స్వరలిపి కోసం తయారైన సాఫ్ట్‌వేర్లలో వాటికి చోటు లేదు. ప్రాజెక్టు కోసం వెతుక్కునే ఇంజినీరింగ్ విద్యార్థులు ఆ పుస్తకం తెరవాలి. ఒక్కో గమకానికి ఒక్కో కీ, అన్నీ ఒక్క వేలితో అందేలా.

ఇక సంగీతం నేర్పే గురువులకు ఒక మనవి. చెయ్యి సరిగా లేని పిల్లలు మీ దగ్గరికి వస్తే వాయిద్యం రాదని వెనక్కి పంపకండి. మ్యూజ్‌స్కోర్‌కు పైసా ఖర్చు లేదు, మామూలు ల్యాప్‌టాప్ చాలు. స్టిక్కీ కీస్ ఆన్ చేసి, ఆ పిల్లలకు ఏ వేలు, ఏ కదలిక తేలికో అడిగి, అక్కడి నుంచి మొదలుపెట్టండి.