బడి కలిసినా మన మాట పోకూడదు



మీరు మొదటిసారి మీ పేరు రాసుకున్న రోజు గుర్తుందా? మా కేంద్రంలో చదువుకున్న ఒక అక్కకు బాగా గుర్తుంది. అన్నాళ్లూ వేలిముద్ర వేసిన ఆమె సంతకం నేర్చుకుంది. ఆ సంతకం మొదట పెట్టింది కొడుకు చదివే బడిలో. అక్కడ తల్లిదండ్రుల కమిటీలో ఆమె సభ్యురాలు. "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నారు. పెట్టింది. సంతోషంగా ఇంటికి వచ్చింది.

ఇది 2022లో మాట. బడులు తెరిచాక ఆమెకు సంగతి తెలిసింది. 3, 4, 5 తరగతులు ఊళ్లో లేవు. పక్క ఊరి హైస్కూలుకు పోయాయి. ఆమె కొడుకు 3వ తరగతి. వాడు రోజూ లారీలు తిరిగే పెద్ద రోడ్డు దాటాలి. "ఎవర్ని అడిగి పంపించారు?" అని బడికి పోయి అడిగింది. తీర్మానాల పుస్తకం తీసి చూపించారు. "మీరే ఒప్పుకున్నారు కదమ్మా" అన్నారు. కింద ఆమె సంతకం ఉంది.

ఆ సాయంత్రం కేంద్రానికి వచ్చి నాతో అంది. "టీచరమ్మా, సంతకం పెట్టడం నేర్పావు. దాని పైన ఏం రాసుందో చదవాలని చెప్పలేదు."

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

బడులు ఎందుకు కలుపుతారు?

రెండు మూడు బడులను గాని, కొన్ని తరగతులను గాని కలిపి ఒకే చోట నడపడాన్ని విలీనం అంటారు. దీనికి కారణం లేకపోలేదు.

ఒక చిన్న బడిని తలచుకోండి. 5 తరగతులు. పిల్లలు 15 మంది. టీచరు ఒక్కరే. 1వ తరగతి పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తుంటే 5వ తరగతి పిల్లలు ఊరికే కూర్చుంటారు. టీచరు సెలవు పెడితే బడికే సెలవు. ట్రైనింగు చదివేటప్పుడు నేను అలాంటి బడిలో పాఠాలు చెప్పాను. సాయంత్రానికి గొంతు పోయేది. ఏ తరగతికీ పాఠం పూర్తయ్యేది కాదు.

చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు ఉండాలి. 61 నుంచి 90 మందికి ముగ్గురు. 91 నుంచి 120 మందికి నలుగురు. పిల్లలు ఒక చోట చేరితే టీచర్లు కూడా ఎక్కువమంది ఉంటారు. తరగతికొక టీచరు ఉంటే చదువు బాగుపడుతుంది. ఇది విలీనంలో ఉన్న మంచి.

మరి నష్టం ఏమిటి?

మొదటిది దూరం. వానాకాలంలో వాగు పొంగుతుంది. పొద్దున్నే కూలికి పోయే తల్లి పిల్లను దిగబెట్టి రాలేదు. ఆడపిల్లను దూరం పంపడానికి ఇంట్లో వెనకాడతారు. నాలుగు రోజులు మానితే ఐదో రోజు బడి మరిచిపోతుంది.

రెండోది పైకి కనిపించదు. అది మన మాట పోవడం. బడి మన ఊళ్లో ఉంటే అన్నం ఉడకలేదని తెలిసిన వెంటనే పోయి అడుగుతాం. టీచరు రాకపోతే అడుగుతాం. పక్క ఊరికి పోయాక అది "వాళ్ల బడి" అయిపోతుంది. అడగడానికి మొహమాటపడతాం.

మన రాష్ట్రంలో ఏం జరిగింది?

2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 117 నంబరు ఉత్తర్వు ఇచ్చింది. కిలోమీటరు లోపల హైస్కూలు ఉంటే 3, 4, 5 తరగతులను అందులో కలపాలన్నారు. 1, 2 తరగతులు పాత బడిలోనే ఉంటాయన్నారు. హైస్కూల్లో ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో టీచరు పాఠం చెబుతారు, పిల్లలకు మేలు అన్నారు. జులైలో బడులు తెరిచాక చాలాచోట్ల తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. మా బడి మాకే కావాలని ఆందోళన చేశారు.

2025 మే నెలలో ఆ ఉత్తర్వును రద్దు చేశారు. దాని చోట కొత్త ఉత్తర్వులు వచ్చాయి. తరగతికొక టీచరు ఉండే ఆదర్శ ప్రాథమిక బడులు పెడతామన్నారు.

ఇప్పుడు ఒక లెక్క వేయండి. 2022లో 3వ తరగతిలో ఉన్న పిల్లవాడు 2025 జూన్‌కి 6వ తరగతికి వచ్చాడు. ఉత్తర్వు మారింది. వాడి మూడేళ్లు వెనక్కి రావు. అందుకే మన మాట చివర్లో కాదు, మొదట్లోనే చెప్పాలి.

మన మాటకు చోటు ఎక్కడ?

2009లో చదువు హక్కు చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ చదువు హక్కు అని ఆ చట్టం చెబుతుంది. ప్రతి ప్రభుత్వ బడికీ ఒక కమిటీ ఉండాలని కూడా చెబుతుంది.

ఆ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మన రాష్ట్రంలో ఒక్కో తరగతి నుంచి ముగ్గురిని ఎన్నుకుంటారు. ఎన్నుకునేది ఆ తరగతి పిల్లల తల్లిదండ్రులే. బడి ఎలా నడుస్తుందో కమిటీ చూడాలి. వచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూడాలి. బడికి ఇంకా ఏం కావాలో రాసి పంపాలి.

ఒక నిజం కూడా చెప్పుకోవాలి. కమిటీ వద్దంటే విలీనం ఆగి తీరుతుందని చట్టంలో లేదు. ఉత్తర్వు ఇచ్చేది ప్రభుత్వమే. మరి కమిటీ వల్ల ఏం లాభం అంటారా? నోటి మాట గాలికి పోతుంది. తీర్మానంలో రాసిన మాట పుస్తకంలో నిలుస్తుంది. రేపు ఏ అధికారి వచ్చినా దాన్ని తీసి చూపించవచ్చు.

విలీనం మాట వస్తే ఏం చెయ్యాలి?

1. చదివి సంతకం పెట్టండి. చదవడం కష్టమైతే పైకి చదివి వినిపించమనండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దు. ఇష్టం లేకపోతే "నాకు సమ్మతి లేదు" అని రాసి సంతకం పెట్టండి.

2. పిల్లలతో కలిసి ఆ దారిన నడిచి చూడండి. 1 నుంచి 5 తరగతుల బడి కిలోమీటరు నడక దూరంలో ఉండాలని, 6 నుంచి 8 తరగతులది 3 కిలోమీటర్ల లోపు ఉండాలని నిబంధన. కాగితం మీద దూరం వేరు, కాలినడక వేరు. వాగు, రైలు పట్టాలు, పెద్ద రోడ్డు ఉంటే రాయించండి.

3. కావలసినవి తీర్మానంలో రాయించండి. పిల్లలను ఎవరు తీసుకుపోతారు? అక్కడ గదులు చాలతాయా? మరుగుదొడ్లు ఉన్నాయా? పిల్లలందరికీ మధ్యాహ్న భోజనం సరిపోతుందా? బడి లేని చిన్న పల్లెల పిల్లలకు ప్రభుత్వం రవాణా ఏర్పాటు చూడాలని నిబంధనల్లో ఉంది. అడగండి.

4. కొత్త బడి కమిటీ ఎన్నికలకు తప్పక వెళ్లండి. మన పిల్ల పేరు ఆ బడి రిజిస్టరులో ఉంటే అది మన బడే. అక్కడ మనకూ ఓటుంది.

5. ఉత్తర్వు నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆ చట్టం 2005లో వచ్చింది. మండల ఆఫీసులో అర్జీ ఫీజు 5 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఆ ఫీజు కూడా లేదు.

ఆ అక్క ఏం చేసింది?

ఏడుస్తూ కూర్చోలేదు. మరో నలుగురు తల్లులను వెంటబెట్టుకుని హైస్కూలుకు పోయింది. రోడ్డు సంగతి చెప్పింది. అర్జీ తనే రాసింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. రెండు తప్పులు కూడా ఉన్నాయి. అయినా అర్థమైంది. తరగతులు వెనక్కి రాలేదు. కానీ పొద్దున, సాయంత్రం పిల్లలను రోడ్డు దాటించడానికి ఒక మనిషిని పెట్టారు.

2024 ఆగస్టులో కమిటీ ఎన్నికలు వచ్చాయి. అప్పటికి కొడుకు 5వ తరగతి. ఆ తరగతి నుంచి ఆమె ఎన్నికైంది. ఇప్పుడు ఎవరైనా "సంతకం పెట్టమ్మా" అంటే ముందు కళ్లజోడు తీసి పెట్టుకుంటుంది. "ఉండండి, చదవనీయండి" అంటుంది.

చదువు నేర్చుకున్నది అందుకే కదా!

ఆలోచించండి:

మీ పిల్లల బడి కమిటీలో ఎవరెవరు ఉన్నారు? వాళ్లలో ఆడవాళ్లు ఎంతమంది?

కిందటి సమావేశంలో ఏ తీర్మానం రాశారు? పుస్తకం అడిగి చదవండి. చదివినది కేంద్రంలో పదిమందికీ చెప్పండి.